ఎనిమిది వేల మీటర్ల పైన కూలబడిన మనిషిని దాటుకుని వెళ్లిపోవచ్చా?

వనజ_కె

నమస్కారం. ఇక్కడ కొండలు ఎక్కేవాళ్లున్నారు, ఎక్కకపోయినా వాటి గురించి ఆసక్తిగా చదివేవాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నాను.

2023 జూలై 27న ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరం కే2 మీద మహమ్మద్ హసన్ అనే పాకిస్తానీ పోర్టర్ (యాత్రల సామాను మోసే పనివాడు) జారిపడ్డాడు. బాటిల్‌నెక్ అనే ఇరుకు దారి దగ్గర, సుమారు 8,200 మీటర్ల ఎత్తులో, ఇంకా తెల్లవారకముందే. వయసు 27. ఇంటి దగ్గర భార్య, ముగ్గురు పిల్లలు, తల్లి. తర్వాత బయటికొచ్చిన డ్రోన్ వీడియోలో జనం అతన్ని దాటుకుంటూ ఒకరి వెనక ఒకరు పైకి వెళ్తుంటారు. ఒక్కరు మాత్రం అతని దగ్గర ఉండి ఏదో చేయబోతూ కనిపిస్తారు. ఆ రోజు వందమందికి పైగా శిఖరం చేరారు. హసన్ అక్కడే చనిపోయాడు.

2006లో ఎవరెస్ట్ ఉత్తరం వైపు డేవిడ్ షార్ప్ అనే బ్రిటిష్ ఆరోహకుడి విషయంలోనూ ఇదే జరిగింది. దాదాపు నలభై మంది అతని పక్క నుంచే వెళ్లారని అప్పట్లో వార్తలొచ్చాయి.

అక్కడ మనిషి శరీరం ఎంత నలిగిపోతుందో నాకు తెలియదు. అందుకే తిట్టాలని రాయడం లేదు. కానీ పైకి ఎక్కే ఓపిక ఉన్నవాళ్లకు ఆగే ఓపిక లేకుండా ఎలా పోతుందో నాకు అర్థం కావడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

హరిబాబు

ఇందులో అర్థం కాకపోవడానికి ఏముందండీ? శిఖరం రేపూ ఉంటుంది, వచ్చే ఏడాదీ ఉంటుంది. మనిషి ఉండడు. షార్ప్ చనిపోయినప్పుడు ఎడ్మండ్ హిల్లరీ ఎంత బాధపడి మాట్లాడారో చూడండి. తమ రోజుల్లో అయితే ఒక మనిషిని అలా రాతి కింద వదిలి పైకి వెళ్లడం ఊహకు కూడా అందేది కాదన్నారు. ఆయన కంటే ఆ కొండ తెలిసినవాళ్లు ఎవరు?

పైగా ఇది కేవలం భావావేశం కాదు. 2002లో పర్వతారోహకులే కూర్చుని రాసుకున్న టిరోల్ డిక్లరేషన్‌లో, ఆపదలో ఉన్నవాడికి సాయం చేయడం మన లక్ష్యాలన్నిటికంటే ముందు అని స్పష్టంగా ఉంది. రాసుకున్నవాళ్లే పాటించకపోతే ఇంక ఎవరు పాటిస్తారు?

తాడుముడి

వనజ గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. ఎక్కే ఓపిక ఉన్నవాడికి ఆగే ఓపిక ఎందుకు ఉండదు అన్నదానికి నాకు తెలిసినంతలో చెబుతాను. నేను ఎనిమిది వేల మీటర్ల శిఖరం ఎక్కలేదు, ఏడు వేల పైన తిరిగాను. రెస్క్యూ శిక్షణ ఉంది.

ముందు ఆక్సిజన్ లెక్క చూడండి. మామూలుగా వాడే నాలుగు లీటర్ల సిలిండర్‌ను 300 బార్ ఒత్తిడికి నింపితే 1,200 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. రెగ్యులేటర్‌ను నిమిషానికి 2 లీటర్ల దగ్గర పెడితే 10 గంటలు వస్తుంది. 4 దగ్గర పెడితే 5 గంటలే. మనిషిని లాగుతూ 2 మీద పనిచేయలేరు, పెంచాల్సిందే. అంటే ఆగిన ప్రతి గంటా మీరు దిగడానికి దాచుకున్న ఆక్సిజన్‌లోంచే పోతుంది.

తర్వాత తాడు. దారి పొడవునా కట్టి ఉన్న తాడుకు క్లిప్ అయి వెళ్తాం. యాంకర్ (తాడును కొండకు బిగించిన చోటు) వచ్చినప్పుడల్లా ఒక క్లిప్ తీసి అవతల తగిలించి, ఆ తర్వాతే రెండోది తీయాలి. ఒళ్లు తెలియని మనిషిని దించాలంటే అతని క్లిప్పులూ మీరే మార్చాలి, పైనుంచి ఒకరు తాడు వదలాలి, కింద ఒకరు అతన్ని రాళ్లకు తగలకుండా పట్టుకోవాలి. మందపాటి గ్లోవ్స్‌తో. గ్లోవ్ తీస్తే వేళ్లు పోతాయి. హసన్ పడింది నిటారు వాలు కూడా కాదు, అడ్డంగా సాగే ట్రావర్స్. అక్కడ దించడం కాదు, పక్కకు లాగాలి. నిటారుగా దించడమైతే బరువే కొంత సాయం చేస్తుంది. అడ్డంగా లాగేటప్పుడు అంతా చేతుల మీదే.

షార్ప్ విషయంలో ఇంకో సంగతి. అతని వెంట షెర్పా లేడు, రేడియో లేదు, ఉన్నవి రెండు సిలిండర్లు. కూర్చున్న చోట అప్పటికే పాత శవం ఒకటి ఉంది, దాన్ని అందరూ ఎరుగుదురు. అర్ధరాత్రి హెడ్‌ల్యాంప్ వెలుగులో వెళ్తున్నవాళ్లలో కొందరు ఇతన్నే ఆ శవం అనుకున్నారు. దిగి వస్తున్నప్పుడు లెబనాన్‌కు చెందిన మాక్సిమ్ షాయా దాదాపు గంటసేపు అతని పక్కన ఉండిపోయాడు. నీ ఆక్సిజన్ అయిపోతోంది, దిగిరా అని కింద నుంచి అతని నాయకుడు రేడియోలో చెప్పాల్సి వచ్చింది. ఆ నలభై మందిలో అతనూ ఒకడే. లెక్కలో అందరూ ఒకటిగా కలిసిపోయారు.

హరిబాబు గారూ, అక్కడ ఉన్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టకండి. నా మనవి అంతే.

డా. సుధ

వైద్యం వైపు నుంచి రెండు మాటలు. ఎవరెస్ట్ శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడోవంతు. అంత ఎత్తులో మెదడు మందగిస్తుంది. పడిపోయినవాడికే కాదు, దాటిపోతున్నవాడికి కూడా. కాబట్టి అక్కడి నిర్ణయాలను ఇంట్లో కూర్చుని తీసుకునే నిర్ణయాల్లా తూచలేం. ఇంతవరకు తాడుముడి గారితో ఏకీభవిస్తాను.

కానీ దాటిపోయినవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది. "అప్పటికే పోయాడు, చేసేదేమీ లేదు" అని. దీని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. బాగా చల్లబడిపోయిన ఒంట్లో నాడి చేతికి తెలియదు, ఊపిరి ఉందో లేదో కంటికి కనిపించదు, కళ్లు కదలవు. డాక్టర్లమే వెచ్చబరచకుండా మరణం నిర్ధారించడానికి జంకుతాం. అలాంటిది మాస్కు పెట్టుకుని పక్క నుంచి నడిచిపోతున్నవాడు ఎలా నిర్ధారిస్తాడు?

1996లో ఎవరెస్ట్ మీద బెక్ వెదర్స్ అనే ఆరోహకుడిని బతకడని వదిలేశారు. మర్నాడు తనే లేచి క్యాంపుకు నడిచొచ్చాడు. 2006లో, షార్ప్ పోయిన పది రోజులకు, అదే ఉత్తరం వైపు లింకన్ హాల్ అనే ఆస్ట్రేలియన్‌ను చనిపోయాడనుకుని 8,600 మీటర్ల పైన వదిలి వచ్చారు, ఇంటికి కబురు కూడా వెళ్లిపోయింది. పొద్దున డాన్ మజూర్ బృందం వెళ్లేసరికి టోపీ, గ్లోవ్స్ లేకుండా కూర్చుని ఉన్నాడు. ఆక్సిజన్ పెట్టారు, నీళ్లు పట్టారు, కింద వాళ్లకు రేడియోలో చెప్పి షెర్పాలు వచ్చేదాకా ఆగారు. వాతావరణం బాగుండి కూడా ఆ బృందం శిఖరం వదులుకుంది. హాల్ తన కాళ్ల మీద దిగాడు.

ఆ చివరి వాక్యాన్నే గమనించమంటున్నాను. మనిషి తన కాళ్ల మీద నిలబడగలడా అన్నదాన్ని బట్టే సగం తేలిపోతుంది. నిలబడగలిగితే ఇద్దరు ముగ్గురు చాలు. లేకపోతే ఎంతమంది ఉన్నా తక్కువే. అలా నిలబడగలిగే స్థితి ఎక్కువసేపు ఉండదు. ఆక్సిజన్, మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ ఇంజెక్షన్, కాస్త నీళ్లు అందితే తిరిగి రావచ్చు, అందకపోతే ఒకటి రెండు గంటల్లో పోవచ్చు. ముందుగా దాటిపోయినవాడు ఆగి ఉంటే నడిచి దిగేవాడు, ఇరవయ్యోవాడు వచ్చేసరికి మోయాల్సిన బరువు అయిపోతాడు. కాబట్టి అందరి బాధ్యతా సమానం కాదు. మొదట చూసినవాళ్లదే ఎక్కువ.

ప్రవీణ్_ఆర్

అందరూ ఒక వైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. నిజంగా నమ్మే చెబుతున్నాను.

అక్కడికి ఎవరినీ ఎవరూ బలవంతంగా తీసుకెళ్లరు. చనిపోయే అవకాశం ఉందని తెలిసి, కాగితాల మీద సంతకం పెట్టి వెళ్తారు. తక్కువ ఆక్సిజన్‌తో, ఒంటరిగా, రేడియో లేకుండా వెళ్లడం ఒకరి ఎంపిక. ఆ ఎంపిక భారం తెలియని మనిషి మీద ఎందుకు పడాలి? నాకూ పిల్లలున్నారు. ముక్కూమొహం తెలియని వ్యక్తి కోసం నా పిల్లల తండ్రిని పణంగా పెట్టే హక్కు నాకుందా? ఎవరో ఒకరు కాపాడతారులే అన్న ధీమా పెరిగితే ఇంకా సిద్ధం కానివాళ్లు ఇంకా ఎక్కువగా వస్తారు. జనం ఎక్కువైతే ప్రమాదాలూ ఎక్కువే.

వెళ్లినవాళ్లను మెచ్చుకుందాం. వెళ్లలేనివాళ్లను హంతకుల్లా చూడొద్దు.

వనజ_కె

ప్రవీణ్ గారూ, మీ మాటలో నిజాయితీ ఉంది. పిల్లల సంగతి నేనూ ఆలోచించాను. కానీ తెలిసి వెళ్లాడు అన్నది షార్ప్‌కు వర్తిస్తుందేమో గానీ హసన్‌కు ఎలా వర్తిస్తుంది? అతను సరదాకు వెళ్లలేదు. మిగతావాళ్లు ఎక్కడానికి వీలుగా తాడు కట్టే పని మీద ఉన్నాడు. వంటి మీద డౌన్ సూట్ (చలి ఆపే మందపాటి దుస్తులు) లేదని, ఆక్సిజన్ లేదని తర్వాత వార్తల్లో వచ్చింది. తను కట్టడానికి వెళ్లిన తాడు పట్టుకునే వాళ్లంతా తనను దాటుకుని పోయారు. మీరు చెప్పిన ఎంపిక ఇక్కడ ఎవరిది?

ప్రవీణ్_ఆర్

హసన్ విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. జీతానికి పనిచేసేవాడి లెక్క వేరు. అతన్ని పైకి పంపినవాళ్లకు అతని మీద బాధ్యత ఉంది. కానీ పక్క బృందంలో డబ్బు కట్టి వచ్చినవాడికి అదే బాధ్యత ఉందా అన్నది ఇంకా తేలలేదు.

వేదిక నిర్వాహకులు

ఒక వ్యాఖ్య తొలగించాం. ఆ రోజు శిఖరం చేరినవాళ్లను పేరు పెట్టి హంతకులనడం ఇక్కడ కుదరదు. వాళ్లలో కొందరు తమ బృందం గంటల తరబడి సాయానికి ప్రయత్నించిందని బహిరంగంగా చెప్పారు, గిల్గిత్-బాల్టిస్తాన్ ప్రభుత్వం విచారణ కమిటీ కూడా వేసింది. వాదన కొనసాగించండి.

రామశాస్త్రి

హిల్లరీ గారి మాట వచ్చింది, షెర్పాల మాట రాబోతోంది. మధ్యలో పాత సంగతులు కొన్ని.

1934లో, ఇప్పటి పాకిస్తాన్ వైపున్న నంగా పర్బత్ శిఖరం మీద జర్మన్ యాత్ర నాయకుడు విల్లీ మెర్కల్ తుఫానులో చిక్కుకుని నడవలేని స్థితికి వచ్చాడు. గేలే అనే షెర్పా దిగి వచ్చేసి ఉంటే బతికేవాడంటారు. నాయకుడి పక్కనే ఉండిపోయాడు. 1938లో మళ్లీ వెళ్లినవాళ్లకు ఇద్దరి దేహాలూ దొరికాయి.

1939లో కే2 మీద డడ్లీ వుల్ఫ్ అనే అమెరికన్ పై క్యాంపులో ఒంటరిగా మిగిలిపోయాడు. పసాంగ్ కికులి అనే షెర్పా సహచరులతో పైకి వెళ్లి అతన్ని చేరాడు. వుల్ఫ్ ఆ రోజు కదలలేనన్నాడు. కింది క్యాంపుకు వచ్చి, తుఫాను తగ్గాక పసాంగ్ కికులి, పసాంగ్ కితార్, ఫిన్సూ మళ్లీ బయల్దేరారు. ముగ్గురూ తిరిగి రాలేదు. ఆ కొండ మీద సాయానికి వెళ్లి పోయిన మొదటివాళ్లు వాళ్లే. వుల్ఫ్ పేరు గుర్తున్నంతమందికి ఈ ముగ్గురి పేర్లు గుర్తుండవు. అందుకే పేర్లతో సహా రాస్తున్నాను.

1953లో అదే కే2 మీద ఆర్ట్ గిల్కీకి కాలి రక్తనాళాల్లో గడ్డలు కట్టాయి. ఛార్లెస్ హ్యూస్టన్ బృందం శిఖరం మాట మరిచి, తుఫానులోనే అతన్ని స్లీపింగ్ బ్యాగులో చుట్టి దించడం మొదలుపెట్టింది. ఒకరు జారితే తాళ్లు మెలిపడి అందరూ జారారు. పీట్ షోనింగ్ ఒక్కడే ఐస్ యాక్స్‌ను బండరాయి వెనక దిగ్గొట్టి తాడు పట్టుకుని అందరినీ ఆపాడు. ఆ తర్వాత కాసేపటికే గిల్కీ కనిపించకుండా పోయాడు. కాపాడలేకపోయారు. దించగలమన్న నమ్మకం హ్యూస్టన్‌కు మొదట్నుంచీ పెద్దగా లేదు. అయినా దించారు.

అయితే ఒక తేడా చెప్పాలి. వాళ్లంతా నెలల తరబడి ఒకే గుడారంలో పడుకున్నవాళ్లు. ఈ రోజు ఒకే తాడు మీద వెళ్తున్న ఇద్దరు వేర్వేరు కంపెనీల కస్టమర్లు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. మాస్కుల వెనక ముఖం కూడా కనిపించదు. హిల్లరీ కాలంతో పోల్చేటప్పుడు ఇది మర్చిపోకూడదు.

నరేశ్_జి

నేను కొన్నేళ్లు ఒక యాత్రల సంస్థలో బుకింగ్‌లు, సామాన్ల ఏర్పాట్లు చూశాను. మీరంతా 8,200 మీటర్ల దగ్గర ఆగి, అక్కడ ఆ నిమిషంలో ఎవరు ఏం చేయాలని అడుగుతున్నారు. నా అనుభవంలో ఆ నిర్ణయం అంతకు చాలా ముందే, బేస్ క్యాంపుకు కూడా రాకముందే, కాంట్రాక్టు కాగితం మీద అయిపోతుంది.

ఎలాగో చెబుతాను. కస్టమర్‌కు ఇన్ని సిలిండర్లు అని రాస్తారు. ఆ లెక్క శిఖరానికి వెళ్లి రావడానికి సరిపడా. ఆపదలో ఉన్న మూడో మనిషికి ఒక్క సిలిండర్ కూడా అందులో ఉండదు. కస్టమర్ శిఖరం ఎక్కితే షెర్పాకు సమిట్ బోనస్ వస్తుంది. అతని ఏడాది సంపాదనలో అది చిన్న మొత్తం కాదు. దారిలో ఎవరినో కాపాడి వెనక్కి వస్తే బోనస్ సంగతి ఏ కాగితంలోనూ ఉండదు. కస్టమర్ ఇస్తే ఇస్తాడు. అంటే సాయం చేయగల సత్తా ఎవరికి ఎక్కువ ఉందో, ఆగితే నష్టపోయేదీ అతనే.

2023 మే నెలలో గెల్జే షెర్పా చేసింది చాలామంది వీడియోలో చూసి ఉంటారు. ఎవరెస్ట్ మీద బాల్కనీ అనే చోట మలేసియా ఆరోహకుడు ఒకరు చలికి వణుకుతూ తాడు పట్టుకుని ఉన్నాడు. గెల్జే అప్పటికి చైనా కస్టమర్‌ను శిఖరానికి తీసుకెళ్తున్నాడు. కస్టమర్‌ను ఒప్పించి వెనక్కి తిప్పాడు. ఆ మనిషిని చాపలో చుట్టి, తాళ్లతో వీపుకు కట్టుకుని, కొన్ని చోట్ల మంచు మీద లాగుతూ, ఆరు గంటల పాటు సౌత్ కోల్ (శిఖరానికి ముందు చివరి క్యాంపు ఉండే చోటు) దాకా దించాడు. దారిలో ఇంకో షెర్పా తోడయ్యాడు. తర్వాత 7,100 మీటర్ల పైన ఉన్న క్యాంపు 3 నుంచి హెలికాప్టర్ తాడుకు కట్టి తీసుకెళ్లారు. మనిషి బతికాడు.

అందరూ గెల్జే బలాన్ని పొగిడారు. పొగడాల్సిందే. కానీ నేను ఆలోచించేది ఆ కస్టమర్ గురించి. అతను వద్దని ఉంటే? డబ్బు కట్టింది అతను. గెల్జే ఇబ్బందిలో పడేవాడు. ఒక మనిషి ప్రాణం ఇంకొకరి మంచి మనసు మీద ఆధారపడే పరిస్థితి అక్కడికక్కడ పుట్టింది కాదు. మనం రాసిన కాంట్రాక్టుల్లోంచే పుట్టింది.

2014 ఏప్రిల్ 18న ఎవరెస్ట్ దారిలోని ఖుంబు ఐస్‌ఫాల్‌లో మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులను బలి తీసుకున్నాయి. అప్పుడు ప్రభుత్వం మొదట ప్రకటించిన తక్షణ సాయం కుటుంబానికి 40,000 నేపాలీ రూపాయలు. పనివాళ్లు తిరగబడ్డాక బీమా మొత్తాన్ని 10 లక్షల నుంచి 15 లక్షల నేపాలీ రూపాయలకు పెంచారు. ఎవరెస్ట్ పర్మిట్ రుసుము అప్పట్లోనే వేల డాలర్లు. 2025 నుంచి అది 15,000 డాలర్లు. ఎవరి ప్రాణానికి ఎంత లెక్క కడుతున్నామో ఇక్కడే తెలిసిపోతుంది. పైన ఆగలేదని తర్వాత ఆశ్చర్యపోతే ఎలా?

హరిబాబు

నరేశ్ గారూ, ఇది నేను ఆలోచించని కోణం. అయినా ఒకటి అడుగుతాను. చట్టం ఏమీ చేయలేదా? రోడ్డు మీద ప్రమాదం చూసి వెళ్లిపోతే కొన్ని దేశాల్లో నేరం అంటారు కదా.

శారద_అడ్వకేట్

ఉంది. ఫ్రాన్స్ శిక్షాస్మృతిలో 223-6, జర్మనీలో 323సి సెక్షన్లు ఆపదలో ఉన్నవాడికి సాయం చేయకపోవడాన్ని నేరంగా చూస్తాయి. కానీ రెండిట్లోనూ ఒక షరతు ఉంది. సాయం చేసేవాడికి పెద్ద ప్రమాదం లేని పరిస్థితి అయి ఉండాలి. ఎనిమిది వేల మీటర్ల పైన ఆ షరతు దగ్గరే కేసు నిలవదు. ఇంగ్లండ్ సంప్రదాయంలో నడిచే చట్టాల్లో అపరిచితుడిని కాపాడి తీరాలన్న సాధారణ బాధ్యతే లేదు. తన కస్టమర్ పట్ల, తన పనివాడి పట్ల కంపెనీకి బాధ్యత ఉండటం వేరే సంగతి. చట్టం ఏమైనా చేయగలిగితే అక్కడే చేయగలదు. పక్కనుంచి వెళ్లిన ఆరోహకుడి జోలికి అది రాలేదు.

తాడుముడి

నరేశ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. అయినా పైన ఉన్న మనిషికి ఏ బాధ్యతా లేదన్న అర్థం వస్తుందేమోనని ఒక సంఘటన చెబుతాను. ఎత్తు తక్కువే, ఆరు వేల పైచిలుకు శిఖరం.

కోల్ (రెండు శిఖరాల మధ్య పల్లం) దాటాక వేరే బృందం కుర్రాడు ఒకడు బ్యాగ్ మీద కూర్చుని కనిపించాడు. వాళ్ల నాయకుడు మిగతావాళ్లతో పైకి వెళ్లిపోయాడు. పలకరిస్తే నవ్వి, "పది నిమిషాలు ఆగి వస్తాను, మీరు పదండి" అన్నాడు. చూడటానికి బాగానే ఉన్నాడు. కానీ ఒక క్రాంపాన్ (బూటు కింద కట్టే ఇనుప ముళ్లు) పట్టీ ఊడి ఉంది. దాని వైపే చూస్తున్నాడు. చెయ్యి పోనిచ్చి కొనను పట్టుకుంటాడు, బకిల్‌లోకి దూర్చలేక వదిలేస్తాడు, మళ్లీ పట్టుకుంటాడు. మేం నిలబడి చూస్తుండగానే నాలుగైదు సార్లు చేశాడు. ఇవాళ ఏ వారం అని అడిగితే తప్పు చెప్పాడు. నిలబెడితే తాగినవాడిలా తూలాడు. ఎత్తు మెదడుకు ఎక్కిందని తెలిసిపోయింది.

మా బృందంలోనే గొడవ జరిగింది. ఒక మిత్రుడు, "వాళ్ల నాయకుడు దిగేటప్పుడు తీసుకెళ్తాడు, మనకెందుకు" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. రెండేళ్లు డబ్బు దాచుకుని వచ్చాడు. చివరికి అందరం దిగాం. కుర్రాడిని ఇద్దరి మధ్య చిన్న తాడుకు కట్టి, గోరువెచ్చని చక్కెర నీళ్లు పట్టి, అడుగడుగుకీ పేరు పిలుస్తూ దించాం. ఐదు వందల మీటర్లు దిగేసరికి మాట తేటపడింది. సాయంత్రానికి తనే టీ కాచుకున్నాడు.

ఆ పట్టీ కోసం ఆగకపోయి ఉంటే మాకు కూడా అతను బాగానే ఉన్నట్టు కనిపించేవాడు. ఆగి రెండు ప్రశ్నలు అడగడానికి పట్టింది మూడు నిమిషాలు. అంతమాత్రం ఏ ఎత్తులోనైనా సాధ్యమే అంటాను. మోయలేకపోవడం వేరు, చూడకపోవడం వేరు.

ప్రవీణ్_ఆర్

తాడుముడి గారూ, మీరు చేసింది గొప్ప పని. కానీ అది ఆరు వేలు. పైన అలా సుఖాంతం కాదు. 2016లో ఎవరెస్ట్ మీద లెస్లీ బిన్స్ అనే బ్రిటిష్ మాజీ సైనికుడు శిఖరం వదులుకుని బెంగాల్‌కు చెందిన సునీతా హజ్రాను దించాడు. దారిలో ఆమె బృందంలోని ఇంకొకరు కూడా కూలబడి ఉంటే ఇద్దరినీ లాగలేక ఆమె ఒక్కరినే క్యాంపుకు చేర్చగలిగాడు. అంత మంచి మనిషికి కూడా ఒకరిని వదలక తప్పలేదు.

2018 జనవరిలో నంగా పర్బత్ మీద ఎలిజబెత్ రెవోల్ తన తోటి ఆరోహకుడు టోమాష్ మాట్స్‌కియెవిచ్‌ను 7,200 మీటర్ల దగ్గర వదిలి దిగాల్సి వచ్చింది. అతనికి కళ్లు కనిపించడం లేదు, నడవలేడు. కే2 శీతాకాల యాత్రలో ఉన్న డెనిస్ ఉరుబ్‌కో, ఆడం బియెలెత్స్‌కీలు హెలికాప్టర్‌లో వచ్చి, రాత్రంతా వెయ్యి మీటర్లకు పైగా ఎక్కి ఆమెను అందుకున్నారు. టోమాష్ కోసం ఇంకా పైకి వెళ్లలేదు. వెళ్లి ఉంటే ఆమె పోయేది, బహుశా వాళ్లూ పోయేవారు. ఈ వదలడాన్ని ఎవరైనా తప్పు పట్టగలరా?

వనజ_కె

పట్టలేం. కానీ మీరు చెప్పిన ఇద్దరూ ఎవరో ఒకరిని కాపాడుతూ ఇంకొకరిని వదిలినవాళ్లు. శిఖరం కోసం వదిలినవాళ్లు కాదు. ఈ రెంటినీ ఒక తక్కెడలో పెట్టకండి.

ప్రవీణ్_ఆర్

అవును. ఆ తేడా ఉంది. కాదనను.

డా. సుధ

కాపాడలేమని తేలాక ఏం చేయాలన్నది ఎవరూ అడగలేదు. 1998లో ఇయాన్ వుడాల్, క్యాథీ ఓడౌడ్‌లు ఎవరెస్ట్ ఉత్తరం వైపు ఫ్రాన్సిస్ ఆర్సెంటియేవ్ అనే అమెరికన్ మహిళ చావుబతుకుల్లో ఉండగా చూశారు. శిఖర ప్రయత్నం ఆపి దాదాపు గంట ఆమె దగ్గర ఉన్నారు. కదిలించలేకపోయారు, దిగిపోయారు. ఆమె చనిపోయింది. 2007లో వుడాల్ ఆమె దేహాన్ని దారిలో పోయేవాళ్ల కంటపడకుండా చేయడానికే మళ్లీ ఆ కొండకు వెళ్లాడు. అంటే ఆ గంట అతన్ని తొమ్మిదేళ్లు వదల్లేదు.

ఐసీయూలో పనిచేసేదాన్ని. బతకరని తెలిసినవాళ్ల దగ్గర కూడా మేం నిలబడతాం. చేయి పట్టుకుంటే బీపీ పెరగదు. అయినా ఒంటరిగా పోవడం, పక్కన మనిషి ఉండగా పోవడం ఒకటి కావు. హసన్ పక్కన ఆ రాత్రి కొంతసేపైనా కొందరు ఉన్నారన్నది నాకు చిన్న విషయం కాదు. 2024లో పాకిస్తానీ ఆరోహకురాలు నైలా కియానీ బృందం అతని దేహాన్ని అంత ఎత్తు నుంచి దించి ఇంటికి చేర్చింది. శవాన్ని దించగలిగారు కాబట్టి ఆ రాత్రి మనిషినీ దించగలిగేవారని నేననను. ఆ పనికోసమే సిద్ధమై వెళ్లినవాళ్లు చేయగలిగారని మాత్రం అంటాను.

కిరణ్మయి_పి

ఇన్నాళ్లూ చదువుతూనే ఉన్నాను, మొదటిసారి రాస్తున్నాను. వచ్చే సీజన్‌కు ఒక ఎనిమిది వేల మీటర్ల శిఖరానికి ఏజెన్సీలతో మాట్లాడుతున్నాను. ఇదంతా చదివాక టెన్షన్ మొదలైంది. నా ప్రాణం గురించి కాదు, నేను కూడా ఆ వరసలో ఒకదాన్ని అవుతానేమోనని. నరేశ్ గారూ, డబ్బు కట్టే ముందు వాళ్లను ఏం అడగాలి?

నరేశ్_జి

మంచి ప్రశ్న అమ్మా. అన్నిటికంటే ముందు ఇది అడగండి: దారిలో ఎవరికైనా సాయం చేయడానికి మనం వెనక్కి తిరిగితే, నాతో వచ్చే షెర్పాకు సమిట్ బోనస్ పూర్తిగా ఇస్తారా? ఇస్తామంటే కాగితం మీద రాయించుకోండి. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ మొత్తం మీరే ఇస్తానని బయల్దేరే ముందే షెర్పాకు చెప్పండి. పైన అతను ఆగడానికి భయపడడు.

మీ లెక్కకు మించి బృందానికి రిజర్వ్ సిలిండర్లు ఎన్ని, అవి ఏ క్యాంపులో ఉంటాయి, ఎవరి అనుమతితో తీయాలి అని అడగండి. "ఉంటాయిలెండి" అన్నవాళ్లను నమ్మకండి. ప్రతి షెర్పా దగ్గరా రేడియో ఉంటుందా, పక్క బృందాల ఫ్రీక్వెన్సీలు వాళ్లకు తెలుసా అనేది కూడా. మీ పోర్టర్లకు డౌన్ సూట్, బీమా ఎంతో కాగితం చూపించమనండి. చూపించడానికి నసిగేవాళ్లతో వెళ్లకండి, ఎంత చౌకైనా సరే.

వెనక్కి తిరిగే సమయం ముందే గడియారం లెక్కన ఖాయం చేసుకోండి. ఆ వేళకు తిరిగేవాళ్ల దగ్గరే సాయం చేయడానికి ఓపిక, ఆక్సిజన్ మిగులుతాయి. చీకటి పడ్డాక దిగేవాడు ఎంత మంచివాడైనా చేయగలిగింది ఏమీ ఉండదు.

తాడుముడి

దీనికి ఒకటి కలుపుతాను. డెక్సామెథసోన్ ఇంజెక్షన్ దుస్తుల మీంచే ఎలా పొడవాలో నేర్చుకుని వెళ్లండి. మందు గడ్డకట్టకుండా లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని పెట్టుకోవాలి. మీ సంస్థ డాక్టర్‌ను అడిగితే చూపిస్తారు. ఇంకొకరి మాస్కు, రెగ్యులేటర్ మార్చడం గ్లోవ్స్ వేసుకునే సాధన చేయండి. ఇంట్లో, కళ్లు మూసుకుని.

హరిబాబు

కిరణ్మయి గారూ, ఏజెన్సీలు ఏమన్నాయో తప్పకుండా ఇక్కడ రాయండి. నాలాంటి కింద కూర్చునేవాళ్లకు అది తెలియాలి.

కిరణ్మయి_పి

మూడు ఏజెన్సీలకు మెయిల్ పెట్టాను. పేర్లు రాయను. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఒకరు బోనస్ కస్టమర్ ఇష్టం, కంపెనీకి సంబంధం లేదన్నారు, రిజర్వ్ సిలిండర్ల గురించి అడిగింది వదిలేశారు. మూడోవాళ్లు ఫోన్ చేశారు. అవతల మాట్లాడింది ఒకప్పుడు షెర్పాగా పనిచేసి ఇప్పుడు ఆఫీసు చూసుకుంటున్న పెద్దాయన. ఈ ప్రశ్న ఇంతవరకు కస్టమర్లెవరూ అడగలేదన్నారు. బోనస్ షరతు రాసి పంపిస్తామన్నారు, సౌత్ కోల్‌లో బృందానికి రిజర్వ్ ఎంత పెడతారో కూడా చెప్పారు. ధర మిగతా ఇద్దరికంటే ఎక్కువే. కాగితం వచ్చాక శారద గారికి ఒకసారి చూపించవచ్చా?

శారద_అడ్వకేట్

పంపండి. షెర్పాతో వాళ్లకున్న ఒప్పందం కాపీ కూడా అడగండి. మీ కాగితంలో రాసి, అతని కాగితంలో రాయకపోతే అది అతని చేతికి అందదు.